నాలుగు రోజులు బతికిన చేప



మందుల కర్మాగారం నుంచి బయటికొచ్చే నీళ్లు ఫరవాలేదా, ప్రమాదమా అని తేల్చడానికి మన పర్యావరణ నిబంధనల్లో ఒక పరీక్ష ఉంది. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని మరో చుక్క మంచినీళ్లు కలపకుండా తొట్టెలో పోస్తారు. అందులో చిన్నచిన్న చేపల్ని వదులుతారు. రోజూ లెక్కపెడతారు, చచ్చినవాటిని తీసేస్తారు. 96 గంటలు, అంటే సరిగ్గా నాలుగు రోజులు గడిచేసరికి నూటికి తొంభై చేపలు ఇంకా ఈదుతూ ఉంటే ఆ నీళ్లు నెగ్గినట్టు. ఇది పనికిమాలిన పరీక్షేమీ కాదు. ఘాటైన విషం ఉంటే ఇట్టే పట్టేస్తుంది. యంత్రం కనిపెట్టలేని మిశ్రమాన్ని కూడా చేప శరీరం కనిపెడుతుంది. కానీ ఈ పరీక్ష అడిగేది ఒక్కటే ప్రశ్న: చేప చచ్చిందా, బతికిందా? ఐదో రోజున ఆ చేప ఏమైందో అది అడగదు. దాని కడుపున గుడ్లు నిలిచాయా, దాని పేగుల్లో ఎలాంటి బాక్టీరియా చేరింది, దాన్ని కూర వండుకుని తిన్నవాళ్ల ఒంట్లోకి ఏం వెళ్లింది, ఇవేవీ అడగదు. పరవాడ గురించి ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఐదో రోజు గురించి.

పరవాడ అనకాపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం, విశాఖ నుంచి గంట ప్రయాణం. 2002 నుంచి అక్కడ ఎన్టీపీసీ వారి సింహాద్రి విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఇప్పుడు దాని సామర్థ్యం 2000 మెగావాట్లు. చల్లబరచడానికి సముద్రపు నీళ్లు తోడుకుంటుంది, కాల్చిన బొగ్గు తాలూకు బూడిదను చెరువుల్లో నిలవేస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ రెండు వేల ఎకరాలకు పైబడిన నేలలో వెలిసింది. పదుల కొద్దీ మందుల కంపెనీల వ్యర్థజలం ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరి, అక్కణ్ణించి గొట్టంలో సముద్రానికి పోతుంది. అదే తీరాన ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి. కర్మాగారాలను ఆనుకునే తాడి గ్రామం ఉంది. ఇంత దగ్గర దగ్గరగా పరిశ్రమ, పొలం, చెరువు, పశువు, వల, మనిషి ఉన్న చోటు మన రాష్ట్రంలో అరుదు. అందుకే నీటి గురించి ఒక శాఖ, చేప గురించి మరో శాఖ విడివిడిగా చదివే పద్ధతి ఇక్కడ సరిపోదంటాను. నీళ్లనీ, చేపల్నీ, పశువుల్నీ, మనుషుల్నీ ఒకే పటం మీద, ఒకే క్యాలెండర్ ప్రకారం, అందరికీ కనబడేలా కొలవాలి. నా వాదన ఇంతే.

"పరిమితికి లోబడే ఉన్నాయి" అనే మాట మనం తరచు వింటాం. ఆ మాట చాలాసార్లు నిజమే కావచ్చు. అయితే ఏ పరిమితి? నిబంధనల్లో ఉన్నవి ఆమ్లగుణం, నీటిలో తేలే మడ్డి, ఆక్సిజన్‌ను తినేసే మలినాల మొత్తం, నూనె, కొన్ని లోహాలు, వాటితోపాటు ఇందాక చెప్పిన నాలుగు రోజుల చేప. ఇవి కొలిచే తీరు వేరు, మందు పనిచేసే తీరు వేరు. మందు అనేదే అతి చిన్న మోతాదులో శరీరాన్ని మార్చడానికి తయారైన పదార్థం. కెనడాలో ఒక ప్రయోగం జరిగింది. పరిశోధనకని కేటాయించిన ఒక సరస్సులో 2001 నుంచి 2003 దాకా, మూడు వేసవులు, గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను కలిపారు. ఎంత? లీటరు నీటికి 5, 6 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్ల వంతు నానోగ్రాము. ఆ నీళ్లలో చేపలు నాలుగు రోజులు కాదు, నాలుగు వారాలైనా చావవు. కానీ మగ చేపల్లో ఆడ లక్షణాలు మొదలయ్యాయి, సంతానం ఆగిపోయింది, ఒక చిన్న చేప జాతి ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కారెన్ కిడ్ బృందం 2007లో ఈ ఫలితాలు ప్రచురించింది. పరవాడలో ఆ హార్మోన్ ఉందని నేననడం లేదు. బతికిన చేపను చూసి నీళ్లకు మంచి సర్టిఫికెట్ ఇవ్వడం ఎంత తొందరపాటో చెప్పడానికి ఆ సరస్సు చాలు. చాప కింద నీరు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పటాన్‌చెరు. హైదరాబాదు శివార్లలో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. శుద్ధి అయిన తర్వాతి నీళ్లు అవి. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. బాక్టీరియా ఆ మందుకు అలవాటుపడి మొండికేయకుండా ఉండాలంటే లీటరుకు 0.06 మైక్రోగ్రాములు దాటకూడదని తర్వాత శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అంటే పటాన్‌చెరు నీళ్లలో ఉన్నది దానికి ఐదు లక్షల రెట్లు. 2013లో వచ్చిన మరో అధ్యయనం అదే తరహా శుద్ధి కేంద్రంలోని బాక్టీరియాను వేరుచేసి చూసింది. పరీక్షించిన రకాల్లో 86 శాతం 20 లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లను తట్టుకుని నిలిచాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మురికిని తినిపించడానికి కోటానుకోట్ల బాక్టీరియాను పెంచే తొట్టెల్లోకే మనం మందునీళ్లు వదులుతున్నాం. చచ్చేవి చస్తాయి, మొండివి మిగులుతాయి, మిగిలినవి తమ మొండితనాన్ని పక్కవాటికి పంచుతాయి. నాలుగు రోజుల చేప పరీక్షకు ఇదంతా కనబడదు, ఎందుకంటే యాంటీబయాటిక్ చేపను చంపదు.

ఈ లోటు మన ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ మందుల కర్మాగారాల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా వెలువరించింది. అప్పట్లో ప్రపంచంలో మరే దేశమూ అంత ముందుకు రాలేదు. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి. ఆ పరిమితులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌ల తయారీలో వ్యర్థజలాల మీద మొట్టమొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. మనం ముందు పట్టుకుని వదిలేసిన దారి అది. దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. పటాన్‌చెరు వాగు చిన్నది, పరవాడకు ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం. అంత సముద్రంలో కలిసిపోయాక మందు మోతాదు ఎంతని మిగులుతుంది? ఈ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. రసాయనం పలచబడుతుంది, నిజం. బాక్టీరియా పలచబడి ఊరుకోదు, తిండి దొరికితే పెరుగుతుంది. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులు నీళ్లలో తేలుతూ ఉండిపోవు, అడుగు బురదకు గట్టిగా పట్టుకుంటాయి. పై నీళ్లు తేటగా ఉన్నా బురద తన లెక్క తాను రాసుకుంటుంది. ఆ బురదలోనే పీతలు, ఆల్చిప్పలు, అడుగు చేపలు బతుకుతాయి. ఇక సముద్రం పెద్దదే గానీ నిలకడైనది కాదు. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆయన దగ్గర చదువుకున్న మనవాళ్లు విశాఖ తీరంలో ప్రవాహాలను కొలవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మనకు తెలిసిన సంగతి ఒకటుంది. ఈ తీరం వెంబడి ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యంగా, విశాఖ వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతిగా, పూడిమడక వైపు. ఒడ్డు దగ్గర గాలి, అలలు కూడా తమ చేయి వేస్తాయి. కాబట్టి మార్చిలో గొట్టానికి దక్షిణాన ఒక సీసా ముంచి "ఏమీ లేదు" అనడానికి అర్థం లేదు. ఆ నెలలో అది ఉత్తరాన ఉంటుంది.

గొట్టం గురించి ఇంకొక మాట. నీళ్లను దూరంగా వదిలితే సమస్య తీరుతుందనే నమ్మకం చాలా పాతది. జపానులోని మినమాటాలో రసాయన కర్మాగారం 1958లో తన వ్యర్థజలాన్ని ఓడరేవు వైపు వదలడం ఆపి నది ముఖద్వారానికి మళ్లించింది. ఆ నీళ్లలోని పాదరసం తెచ్చిపెట్టే జబ్బు కొత్త ఊళ్లలో బయటపడింది. ఒక రకంగా ఆ మళ్లింపే వ్యాధికి కారణమేదో నిరూపించిన ప్రయోగం అయింది, దానికి మూల్యం చెల్లించింది బెస్తవాళ్లు. పటాన్‌చెరు నీళ్లను కూడా 2009లో 18 కిలోమీటర్ల గొట్టం వేసి అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి, అక్కణ్ణించి మూసీకి పంపారు. పటాన్‌చెరు వాగుకు ఊరట దక్కి ఉండవచ్చు. ప్రశ్న మాత్రం మూసీ ఒడ్డుకు చేరింది.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఒక ఊళ్లో జ్వరాలు, చర్మ వ్యాధులు, మూత్రపిండాల జబ్బులు ఉంటే అవి ఫలానా నీళ్ల వల్లే వచ్చాయని ఎలా చెబుతారు? మనుషులు బీడీలు తాగుతారు, పొలంలో పురుగుమందు కొడతారు, ఎండలో పనిచేస్తారు, ఊళ్లు మారతారు. ఒక్క మనిషి జబ్బుకు ఒక్క కారణం చూపించడం దాదాపు అసాధ్యం, ఒప్పుకుంటాను. అందుకే పశువుల్నీ చేపల్నీ కలిపి చదవమంటున్నాను. గేదె బీడీ తాగదు, ఉద్యోగం వెతుక్కుంటూ గాజువాక వెళ్లదు. వేసవిలో రోజుకు యాభై, అరవై లీటర్ల నీళ్లు తాగుతుంది, అదీ తన ఊరి చెరువులోనో తొట్టిలోనో. మేసేది అక్కడి గడ్డే. ఈనిందా, ఈసుకుపోయిందా, పాలు తగ్గాయా అనేది రైతు ఇంట్లో అందరికీ తెలుసు, పశువైద్యశాల పుస్తకంలోనూ ఉంటుంది. చేపా అంతే. మనిషి విషయంలో చిక్కుబడిపోయిన కారణాల్ని జంతువు విడదీసి చూపిస్తుంది. మినమాటాలో మొదట తూలిపడింది మనుషులు కాదు, చేపలు తిన్న పిల్లులు. కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హొసొకావా 1959లో కర్మాగారపు వ్యర్థాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టి అదే జబ్బు రావడం కళ్లారా చూశాడు. ఆ ఫలితాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు. జపాను ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. మధ్యలో పోయిన తొమ్మిదేళ్లలో శాస్త్రం లోపమేమీ లేదు, పిల్లి ముందే చెప్పింది.

మన దగ్గర కొలతలు లేవనీ కాదు. కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమలు, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వ్యర్థజలాన్ని నిరంతరం కొలిచే పరికరాలు పెట్టాలని 2014లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఏ రేవులో ఏ చేప ఎంత పడిందో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి నమూనాలు తీసి లెక్కగడుతోంది. మందులకు లొంగని బాక్టీరియాను ఆసుపత్రుల్లో గమనించడానికి భారత వైద్య పరిశోధన మండలి 2013 నుంచి ఒక వ్యవస్థ నడుపుతోంది. చేపల్లో, పశువుల్లో గమనించడానికి ఇన్‌ఫార్ పేరుతో ఇంకొక వ్యవస్థ ఉంది. పశువైద్యశాలలో ఒక పుస్తకం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం. ఎవరి పుస్తకం వారి బీరువాలో ఉంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. తిలా పాపం తలా పిడికెడు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, మత్స్య పరిశోధన కేంద్రాలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆంధ్రా మెడికల్ కాలేజీ అన్నీ విశాఖలోనే ఉన్నాయి. ఖర్చెంతని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: పరికరాలు, మనుషులు చాలావరకు ఉన్నారు, కొనాల్సింది కొన్ని రసాయన పరీక్షలు, సమకూర్చుకోవాల్సింది ఒకే టేబుల్ దగ్గర కూర్చునే అలవాటు.

మొండి బాక్టీరియా పుట్టేది అసలు మెడికల్ షాపుల్లో కదా, జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ కొనుక్కునే మన అలవాటు వల్ల కదా అని కొందరు వైద్యులు అంటారు. వాళ్లది తప్పు కాదు. ప్రపంచవ్యాప్తంగా 2019లో దాదాపు 12.7 లక్షల మంది మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. అందులో అధిక భాగం ఆసుపత్రుల, మందుల వాడకం పుణ్యమే. కానీ మెడికల్ షాపులు లక్షలు, గొట్టం ఒక్కటి. లక్షల చోట్ల అలవాట్లు మార్చడానికి ఒక తరం పడుతుంది. ఒక్క గొట్టం దగ్గర కొలిచి ఆపడం ఈ ఏడే చెయ్యగల పని. పరవాడలో తయారయ్యే మందులు ఎక్కడెక్కడో రోగుల ప్రాణాలు నిలుపుతున్నాయి, వేల కుటుంబాలకు జీతాలిస్తున్నాయి, అది చిన్న విషయం కాదు. ఆ మందులు పనిచేస్తూనే ఉండాలంటే బాక్టీరియా వాటికి అలవాటుపడకూడదు. కొలవడం పరిశ్రమకు వ్యతిరేకం అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతున్నారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం చేపలమ్మేవాళ్లది. ఈ పరీక్షల ఫలితాలు బయటపెడితే రేపు మా తట్టలో చేప ఎవరు కొంటారు అని అడుగుతారు వాళ్లు. కూర్చుని లెక్కలు రాసుకునేవాళ్లకు ఈ ప్రశ్నలోని భయం తొందరగా అందదు. సంతలో చూడండి. కొనేవాళ్లు కానాగంతను చేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే కండ గుంట పడకుండా మళ్లీ లేవాలి. తరాలుగా మన వంటింటి శాస్త్రం ఇది, తాజాదనానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. కానీ మొప్ప ఎంత ఎర్రగా ఉన్నా ఆ చేప ఏ నీళ్లలో తిరిగిందో చెప్పదు. ఆ సమాచారం ఎక్కడా దొరకనప్పుడు పుకారు పనిచేస్తుంది. పుకారుకు ఊళ్ల హద్దులు తెలియవు. ఒక్కచోట నీళ్ల రంగు మారిందని తెలిస్తే భీమిలి నుంచి పెంటకోట దాకా ప్రతి తట్టా పడిపోతుంది. కొలత అలా కాదు. ఫలానా నెలలో, ఫలానా లోతులో, ఫలానా రకం మీద ఇది ఉంది, మిగతా చోట్ల లేదు అని విడగొట్టి చెప్పగలదు. యూరోపియన్ యూనియన్ 2016లో మన చెరువుల రొయ్యల దిగుమతుల్లో సగం సరుకును సరిహద్దు దగ్గర యాంటీబయాటిక్‌ల కోసం పరీక్షించాలని నిర్ణయించింది. మన ఎగుమతిదారులు ఇబ్బంది పడ్డారు, కానీ వ్యాపారం ఆగలేదు.  పరాయి దేశపు భోజనం బల్ల మీదికి వెళ్లే రొయ్యకు దక్కిన శ్రద్ధ పరవాడ ఇంట్లో ఉడికే కవళ్లకు దక్కాలనడం అత్యాశ కాదు. ఫలితం చెడుగా వస్తే నష్టపరిహారం ఎవరివ్వాలో, వేట ఎక్కడికి మార్చాలో పరిశోధన మొదలయ్యే ముందే రాసుకోవాలి. అది లేకుండా నమూనాలు తీయడానికి వస్తే పాలెం వాళ్లు పడవ ఇవ్వకపోవడం న్యాయమే.

తాడి విషయంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. తమ ఊరిని తరలించమని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. తరలింపు కోరడం వాళ్ల హక్కు. అయితే ఊరు ఖాళీ అయ్యేలోపే బావుల్లో నీళ్లు, ఇళ్లలో మనుషుల ఆరోగ్యం, పశువుల రికార్డు నమోదు చేయాలి. లేకపోతే ఇరవై ఏళ్లు ఆ గాలీ నీళ్లూ పీల్చి తాగినవాళ్లకు రేపెప్పుడో ఏ జబ్బు వచ్చినా, పాత ఊరికి దాన్ని ముడిపెట్టే కాగితం ఒక్కటీ ఉండదు.

మొదలుపెట్టడానికి మంచి సమయం కూడా సముద్రమే ఇస్తోంది. తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రోజుల్లో ఇంజను పడవలు ఒడ్డున ఖాళీగా ఉంటాయి, నడిపేవాళ్లకు పని ఉండదు. వాళ్లకే కూలి ఇచ్చి, గొట్టం చివరి నుంచి ఉత్తరానికీ దక్షిణానికీ నీళ్లు, బురద, చేపలు తీయించాలి. ఎక్కడ వల జిగురు పడుతుందో, ఏ వేళ వాసన వస్తుందో వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు, ఆ మాటలూ రాసుకోవాలి. నీళ్లు నల్లటి సీసాల్లోనే పట్టాలి, ఎండ తగిలితే ఈ మందులు కొన్ని విరిగిపోతాయి. మంచు పెట్టెలో పెట్టి ఆ రోజే ప్రయోగశాలకు చేర్చాలి. అదే వారంలో తాడిలో, తానాంలో బావుల నీళ్లు, చెరువు నీళ్లు తాగే గేదెల పేడ, ఆరోగ్య కేంద్రానికి వచ్చే విరేచనాల కేసుల నమూనాలు తీయాలి. పోల్చి చూడటానికి దూరంగా పెంటకోటలో ఇవే తీయాలి. ప్రవాహం తిరిగాక నవంబరులో మళ్లీ ఇదంతా. జూన్ 15 తెల్లవారుజామున పడవలు వేటకు దిగేసరికి మొదటి విడత సీసాలు విశాఖ చేరి ఉండాలి, రెండో విడతకు తేదీ పాలెం రచ్చబండ దగ్గర గోడ మీద రాసి ఉండాలి.